ఎమీలియా దారిలో ఊరికో రుచి

ఉత్తర ఇటలీలో రిమినీ నుంచి పియచెంజా దాకా దాదాపు తిన్నగా సాగే రోడ్డును క్రీ.పూ. 187లో రోమన్ కాన్సల్ మార్కస్ ఎమీలియస్ లెపిడస్ వేయించాడు. ఎమీలియా అన్న పేరు ఆ దారికీ, తర్వాత ఆ నేలకూ ఆయన వల్లే వచ్చింది. బొలోన్యా, మోదెనా, రెజ్జో ఎమీలియా, పార్మా వరుసగా ఈ దారి మీదే ఉంటాయి. రైల్లో ఒక ఊరి నుంచి పక్క ఊరికి అరగంట కూడా పట్టదు. అయినా ఊరు మారితే తిండి మారుతుంది. రోమ్‌లోనో వెనిస్‌లోనో తిన్నదాన్నే ఇక్కడా వెతుక్కునే యాత్రికుడికి ఈ ప్రాంతం దక్కదు.

పార్మా, రెజ్జో ఎమీలియా పరిసరాలది పార్మిజానో రెజ్జానో చీజ్. సాయంత్రం పితికిన పాలను వెడల్పాటి తొట్లలో రాత్రంతా ఉంచి, తేలిన మీగడ తీసేస్తారు. వాటిలో పొద్దుటి పాలు కలిపి రాగి కాగుల్లో పోస్తారు. తెలుగు ఇళ్లలో నిన్నటి పెరుగే ఇవాళ్టి పాలకు తోడైనట్టు, ఇక్కడ నిన్నటి విరుగుడు నీళ్లు తోడుగా పనిచేస్తాయి. ఆపైన దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వేస్తే పాలు గడ్డకడతాయి. దాన్ని చిన్న చిన్న పలుకులుగా విరగ్గొట్టి, 55 డిగ్రీల దాకా వేడిచేసి, గుడ్డలో కట్టి పైకి తీస్తారు. సుమారు 550 లీటర్ల పాలకు 40 కిలోల చీజ్ చక్రం ఒక్కటి వస్తుంది. అది కొన్ని వారాలు ఉప్పునీటిలో నాని, ఆ తర్వాత చెక్క అరల మీద కనీసం 12 నెలలు మాగాలి. అప్పుడు పరీక్షకుడు చిన్న సుత్తితో తట్టి, శబ్దాన్ని బట్టి లోపల పగుళ్లున్నాయో లేదో తేలుస్తాడు. 24, 36 నెలలు మాగినవాటిని పక్కపక్కన పెట్టుకుని తింటేగాని కాలం చేసే పని అర్థం కాదు.

శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. దూడ రెన్నెట్ లేనిదేదీ నిబంధనల ప్రకారం పార్మిజానో కాదు. ఆకుకూర, రికోటా కూరిన పార్మా తోర్తెల్లీ పాస్తాలో మాంసం ఉండదు గానీ ఈ చీజ్ ఉంటుంది.

పార్మాకు దక్షిణాన లాంగిరానో చుట్టుపక్కల కొండల్లో పంది తొడను ఉప్పుతో మాత్రమే నిల్వచేసి, గాలికి ఆరబెట్టి ప్రొషుట్టో తయారుచేస్తారు. దానిమీద అయిదు కొనల కిరీటం ముద్ర ఉంటుంది.

మోదెనా పేరు చెబితే బాల్సమిక్ వెనిగర్ గుర్తొస్తుంది. దుకాణాల్లో చవగ్గా దొరికేది ద్రాక్షరసంలో వైన్ వెనిగర్ కలిపింది. సంప్రదాయ బాల్సమిక్ వేరు. ద్రాక్షరసాన్ని మాత్రమే కాచి, ఇళ్ల అటకల మీద వరుసగా చిన్నవయ్యే పీపాల్లో పులియబెట్టి మాగబెడతారు. ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, జూనిపర్ కలపల వాసన దానికి పడుతుంది. అన్నిటికన్నా చిన్న పీపాలోంచి కొద్దిగా తీసి, ఆ లోటును పక్క పీపాతో పూడుస్తారు. ఇది కనీసం 12 ఏళ్లు, మేలురకం 25 ఏళ్లు మాగాలి. అమ్మేది 100 మిల్లీలీటర్ల బుడ్డిలో. దీన్ని వండటం వృథా. చీజ్ ముక్క మీద, స్ట్రాబెర్రీల మీద నాలుగు చుక్కలు చాలు.

బొలోన్యాలో మాంసపు రాగూ సాస్‌ను గుడ్లతో కలిపిన పిండితో చేసే తాల్యతెల్లే పాస్తాతోనే తింటారు, స్పఘెట్టీతో కాదు. ఉడికాక తాల్యతెల్లే 8 మిల్లీమీటర్ల వెడల్పుండాలని 1972లో నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించారు.

ఇంత వెన్నా కొవ్వూ ఉన్న వంటకు ఈ నేల ఇచ్చిన జోడీ లంబ్రుస్కో. నురగలెత్తే ఎర్ర వైన్ ఇది, చల్లగా తాగాలి. పులుపూ బుడగలూ నాలుక మీది కొవ్వును కడిగేస్తాయి. విదేశాలకు వెళ్లిన తియ్యటి చవకరకం దీని పేరు చెడగొట్టింది, అది అన్యాయం. సోర్బారా రకం లేతగా, పుల్లగా ఉంటుంది. గ్రాస్పరోస్సా ముదురుగా, కాస్త వగరుగా ఉంటుంది. 'సెక్కో' అని అడిగితే తీపిలేనిది ఇస్తారు. ఇక్కడ బరోలో వైన్ అడగడం కన్నా ఇదే మేలు. బరోలో పియెమోంతే ప్రాంతపు తిండికి పుట్టింది.

చీజ్ పని పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి ముందే ముగుస్తుంది. చూడదలచినవారు ముందుగా అనుమతి తీసుకుని, ఎనిమిదింటికల్లా చీజ్ తయారుచేసే చోట ఉండాలి.