నకలు నిలిపిన బుద్ధుడు

1949 జనవరి 26న జపాన్‌లోని హోర్యూజి బౌద్ధాలయంలో మంటలు లేచాయి. ప్రధాన మందిరం గోడల మీద 7వ శతాబ్దం చివర్లోనో, 8వ శతాబ్దం మొదట్లోనో వేసిన బుద్ధ, బోధిసత్వ చిత్రాలు రంగులు పోయి నల్లబడ్డాయి. మన అజంతాతో సమంగా చెప్పుకునే చిత్రాలవి. ఆ రోజుతో అవి లోకానికి పూర్తిగా దూరం కావలసింది, కాలేదు. 1935లో ఆ గోడలన్నిటినీ అసలు కొలతతో ఫొటోలు తీసి పెట్టారు. 1940 నుంచి చిత్రకారులు వాటి ఎదుట కూర్చుని చేత్తో నకళ్లు వేస్తున్నారు. ఆ ఆధారాలతోనే 1967లో యసుదా యుకిహికో, మయెదా సెయిసన్ వంటి పెద్ద చిత్రకారుల ఆధ్వర్యంలో చిత్రాలను మళ్లీ వేయడం మొదలుపెట్టి, మరుసటి ఏడాదికల్లా మందిరానికి అప్పగించారు. ఈనాటి యాత్రికులు దర్శించుకునేది ఆ నకళ్లనే.

నకలు వేసేవాడంటే మన దగ్గర చిన్నచూపుంది. జపాన్‌లో అదొక విద్య. దాన్ని ‘మోషా’ అంటారు. ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది, చిత్రం ఇవాళ ఎలా ఉందో అలాగే వేయడం. పగులు, పెచ్చూడిన చోటు, పొగ మరక కూడా వదలరు. రెండోది, మిగిలిన ఆనవాళ్లను పరిశోధించి, గీసిన తొలినాటి రూపాన్ని తిరిగి నిలపడం. రెండింటిలోనూ చిత్రకారుడు తన సొంత శైలిని పక్కన పెట్టాలి. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

పని గీతతో మొదలవుతుంది. అసలు చిత్రం మీద పల్చని కాగితం పరిచి, దాన్ని చుడుతూ విప్పుతూ ఉంటారు. చుట్టినప్పుడు కింది గీతను చూస్తారు. విప్పగానే, ఆ గీత కంటిలో చెదరకముందే పై కాగితం మీద గీస్తారు. గోడలకు ఈ పద్ధతి కుదరదు. అందుకని హోర్యూజిలో ఫొటోలను చేతి కాగితం మీద లేతగా అచ్చువేసి, గోడను చూస్తూ ఆ అచ్చు మీద రంగులు వేశారు. చీకటి మందిరంలో రంగుల్ని పోల్చుకోవడానికి అప్పటికింకా కొత్తవైన ట్యూబులైట్లు అమర్చారు.

ఇక రంగులు. నీలానికి అజురైట్, ఆకుపచ్చకు మాలకైట్, ఎరుపుకు ఇంగిలీకం, అన్నీ రాళ్లను నూరి తీసినవే. ఒకే రాయిని ముతకగా నూరితే ముదురు రంగు వస్తుంది, మెత్తగా నూరేకొద్దీ లేతబడుతుంది. తెలుపుకు ఆల్చిప్పల పొడి వాడతారు. వీటన్నిటినీ పట్టి ఉంచేది జంతు చర్మాల నుంచి తీసిన బంక. దాన్ని సన్నని వేడి మీద కరిగించాలి, మరిగిస్తే పట్టు పోతుంది. బంక ఎక్కువైతే రంగు పగులుతుంది, తక్కువైతే పొడిగా రాలిపోతుంది. ఈ పాళ్లు గురువు పక్కన కూర్చుని చేత్తో నేర్చుకోవలసినవి.

ఈ విద్యకు మన నేలతో చుట్టరికముంది. 1916లో జపాన్ వెళ్లిన రవీంద్రనాథ్ ఠాగూర్‌కు షిమొమురా కన్జాన్ వేసిన ఒక పెద్ద చిత్రం నచ్చింది. ఠాగూర్ కోసం దాని నకలును చిత్రకారుడు అరాయ్ కంపో వేశాడు. ఠాగూర్ పిలుపుతో కలకత్తా వచ్చిన అరాయ్, తర్వాత అజంతాకు వెళ్లి అక్కడి చిత్రాలకు నకళ్లు తీశాడు. అవి 1923లో జపాన్ భూకంపంలో నాశనమయ్యాయి. కానీ ఆ అనుభవం అతని చేతిలో మిగిలింది. 1940లో హోర్యూజి నకళ్ల బృందాల్లో ఒకదానికి నాయకుడు అతనే. పని పూర్తికాకముందే, 1945లో కన్నుమూశాడు.

ఆనాటి అజంతా నిజాం రాజ్యంలోది. 1909–11 మధ్య ఇంగ్లండ్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ అజంతా నకళ్లు తీయించినప్పుడు నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాద్ చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ కూడా పనిచేశాడు. తర్వాత రాజ్య పురావస్తు శాఖ తరఫున గులాం యాజ్దానీ హయాంలో సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ వేసిన నకళ్లు నేటికీ హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకుముందు బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ గిల్ వేసిన అజంతా నకళ్లలో చాలా భాగం 1866లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కాబట్టి మన దగ్గరున్నవి అలంకారాలు కావు, సాక్ష్యాలు.

హోర్యూజిలో నకళ్ల పని మొదలైన ఆ రోజుల్లోనే యాజ్దానీ సంగారెడ్డి దగ్గర కొండాపూర్ దిబ్బను తవ్వించి శాతవాహనుల పట్టణాన్ని, బౌద్ధ కట్టడాల ఆనవాళ్లను బయటపెట్టాడు. ఇప్పుడు అదే జిల్లాలో, కందిలో, జపాన్ సహకారంతో కట్టిన హైదరాబాద్ ఐఐటీ ఉంది. అక్కడ డిజైన్ విభాగముంది, పదార్థ శాస్త్ర విభాగముంది. పక్కనే పటాన్‌చెరు రసాయన పరిశ్రమల్లో పొడి రేణువుల పరిమాణం, బంకల గుణం తెలిసిన నిపుణులున్నారు. మోషాకు కావలసిన జ్ఞానంలో సగం ఇదే. మిగతా సగానికి బంకా రంగూ ఎరిగిన చెర్యాల నకాషీ కళాకారులున్నారు.

ఈ చేతులు కలిస్తే సంగారెడ్డిలో ఒక నకళ్ల శాల నిలబడుతుంది. జపాన్ నుంచి ఒక గురువును పిలిపించి, పబ్లిక్ గార్డెన్స్‌లోని అజంతా నకళ్లను పాఠంగా పెట్టుకుని పిల్లలకు ఈ విద్య నేర్పవచ్చు. స్కానర్ ఒక చిత్రం రూపాన్ని దాచగలదు, దాన్ని వేసిన విధానాన్ని దాచలేదు. అది మనిషి నుంచి మనిషికే అందాలి. హోర్యూజి గోడలు కాలకముందే నకళ్లు మొదలయ్యాయి కనుకనే ఆ బుద్ధుడు మిగిలాడు. మనం కూడా ప్రమాదం రాకముందే మొదలుపెట్టాలి.