సీసాలో టీ గది

మా మేనకోడలు ఉద్యోగరీత్యా క్యోటోలో ఉంటుంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నాకో చిన్న సెంటు సీసా తెచ్చింది. జపాన్ వాళ్ళ తేనీటి వేడుకను తలుచుకుని చేసిన పరిమళమని పెట్టె మీద రాసుంది. "మావయ్యా, ఇది రాసుకుని మా టీ క్లాసుకు మాత్రం రాకేం" అని నవ్వింది. మొదటి రోజు తను అలాగే ఘుమఘుమలాడుతూ వెళ్ళిందట. గురువుగారు అప్పుడేమీ అనలేదు. అందరూ వెళ్ళాక, వచ్చే వారం సెంటు లేకుండా రమ్మని మెల్లగా చెప్పారట.

ఆవిడ చాదస్తం కాదది. టీ గదిలో ఏ వాసన ఎప్పుడు రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. తతామి చాపల గడ్డి వాసన ఎలాగూ ఉంటుంది. బొగ్గులు పేర్చాక ఆతిథ్యమిచ్చే వాళ్ళు వాటి పక్కన, వేడి బూడిద మీద, చిన్న సుగంధపు ముక్క పెడతారు. వేసవి నెలల్లో అయితే గంధపు చెక్క, అదీ లక్క పూత వేసిన డబ్బాలోంచి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గది నేలలోనే పొయ్యి తెరుస్తారు. అప్పుడు అగరు లాంటి పొడులు తేనెతో కలిపి చేసిన ఉండ, దాని డబ్బా పింగాణీది. 16వ శతాబ్దంలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ కట్టించాడని చెప్పే తైయాన్ టీ గది రెండంటే రెండు చాపల మేర. మన లెక్కలో ఆరడుగులకు ఆరడుగులు. అంత చోటులో మెడకు సెంటు పూసుకుని కూర్చుంటే, తంబురా శ్రుతి చేశాక పక్కన రేడియో పెట్టినట్టే.

మనం వాసన 'చూస్తాం'. అగరు చెక్క పరిమళాన్ని ఆస్వాదించే కోదో కళలో జపాన్ వాళ్ళు వాసన 'వింటారు', మాట కూడా అదే వాడతారు. ఈ విషయంలో వాళ్ళ క్రియాపదమే నాకు నచ్చింది.

మరి ఆ వేడుకలో కలిపే మాచా టీ పొడి వాసన సీసాలోకి ఎలా వచ్చింది? నిజానికి రాలేదు. మాచా ఆకును కోతకు ముందు కొన్ని వారాలు నీడలో పెంచుతారు. దాంతో ఆకుకో ప్రత్యేకమైన వాసన పడుతుంది. అందులో డైమిథైల్ సల్ఫైడ్ పాత్ర పెద్దది, సముద్రపు నాచు వాసనకు కారణమూ అదే. నాచు వాసన మణికట్టుకు ఎవరు రాసుకుంటారు? అందుకే అత్తరు చేసేవాళ్ళు టీని వేరే సరుకుతో బొమ్మ కడతారు. ఈ దారి వేసినవాడు ఫ్రెంచి వాడు జాన్ క్లోద్ ఎలెనా. 1990ల తొలినాళ్ళలో బుల్గారి కంపెనీ కోసం గ్రీన్ టీ పరిమళం చేశాడు. మల్లెను తలపించే హెడియోన్, వయొలెట్ పూలను తలపించే అయోనోన్ దానికి ముఖ్యం. అతనికి ఆ ఊహ వచ్చింది క్యోటోలో కాదు, పారిస్‌లోని మరియాజ్ ఫ్రేర్ టీ దుకాణంలో!

నా సీసా సంగతీ అంతే. రాసుకున్న పది నిమిషాలు నిమ్మజాతి పుల్లదనం, ఆ తర్వాత నలిపిన పచ్చి ఆకు. టీ అనుకుంటే టీ, తోటకూర అనుకుంటే తోటకూర. అరగంట పోయాక మాత్రం చర్మానికి అంటుకుని, చేయి ముక్కు దాకా తెస్తే తప్ప తెలియనంత సన్నగా, గంధం మిగిలింది. మొత్తం సీసాలో టీ గదిది అని ఒప్పుకోదగ్గ వాసన అదొక్కటే. ఆ గంధం జపాన్‌లో పండదు. వాళ్ళు బ్యకుదాన్ అంటారు, ఆ 'దాన్' మన చందనంలోంచి వెళ్ళిందే.

సెంటుగా బాగుంది, పెళ్ళిళ్ళకు రాసుకుంటున్నాను. మేనకోడలు మాత్రం క్లాసు రోజున తలకు కొబ్బరినూనె కూడా మానేసిందట.