ఉప్పెన వెనుక ఛాయాగ్రాహకుడు

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన, కోడూరు, నాగాయలంక ప్రాంతముల పల్లెలను తుడిచిపెట్టి, సుమారు 10,000 మందిని బలిగొని వెనుకకు తగ్గిన పిదప, అన్నపు పొట్లములతోను మందులతోను అచ్చటికి తరలిన సేవకుల నడుమ, మెడలో కెమెరా వ్రేలాడదీసికొని బురదలో నడచిన ఛాయాగ్రాహకుని పాలు మనము తగినంతగా తలంపకుండుట నాకు మిక్కిలి బాధాకరము.

ఆ పనియందలి కష్టమును యోచింపుడు. ఉప్పుగాలి కటకమును మసకబార్చును. తడి తగిలిన ఫిలిము చెడును. చుట్టకు 36 చిత్రములే గనుక దేనిని తీయవలెనో, దేనిని విడువవలెనో ఆ క్షణముననే నిర్ణయింపవలెను. నేర్పరియైనవాడు గోడమీద నీరు విడిచిన మడ్డిచారను, దాని ప్రక్కన నిలుచున్న మనుష్యునితో గూడ తీయును. ఆ మనిషి తలకు ఎంతో పైన సాగిన చారను చూచినవానికి ఉప్పెన యెత్తు వేరుగ చెప్పనక్కరలేదు. పిమ్మట వంగి, ఇసుకలో సగము కూరుకొనిన రుబ్బురోలును, దాని అంచున చిక్కుకొనిన చీరపేలికను తీయును. శవముల గుట్టలకంటె ఈ రోలే ఒక సంసారము నశించిన తీరును నిక్కముగ తెలుపునని నా నమ్మకము.

బిడ్డను పోగొట్టుకొనిన తల్లి యెదుట అతడు కెమెరా దించి, ముందు మంచినీళ్లందించును. ఆమె వలదన్నచో ఆ చిత్రమే లేదు. సాయంకాలము ప్రతి చుట్టకును ఊరిపేరు, తేదీ వ్రాసిన చీటీ కట్టును. ఏ చిత్రము ఏ పల్లెదో, ఏనాటిదో పిమ్మట తెలియుటకు ఆ చీటీయే ఆధారము.