అరగంట గళ్ల కాగితం

పాల్వంచ నుంచి హైదరాబాద్ న్యూరాలజిస్టు దగ్గరికి మూడు వందల కిలోమీటర్లకు దగ్గర ప్రయాణం. తీరా వెళితే డాక్టరు చూసేది కాసేపే. ఆ వేళకు మాత్ర పట్టి ఉంటే పార్కిన్సన్స్ ఉన్న మనిషి చకచకా నడిచి చూపిస్తాడు. పక్కనున్న భార్యేమో "తెల్లారి మంచం దిగలేడు సార్" అంటుంది. ఇద్దరిదీ నిజమే.

ఈ చిక్కు విప్పేందుకు రాబర్ట్ హౌజర్ అనే అమెరికా న్యూరాలజిస్టు, ఆయన సహచరులు 2000లో ఒక డైరీ ప్రచురించారు. రోజుకు 48 అరగంటలు, ఒక్కోదానికి ఒక్క టిక్కు. నిద్ర ఒక గడి, మందు దిగిపోయిన 'ఆఫ్' ఒక గడి. మందు పట్టిన 'ఆన్'కు మాత్రం మూడు: మెలికలు తిరిగే కదలికలు లేవు, ఉన్నా ఇబ్బంది లేదు, ఉండి ఇబ్బంది పెడుతున్నాయి. పనితనమంతా ఆ చివరి రెంటినీ విడదీయడంలోనే ఉంది. చూసేవాళ్లకు ఘోరంగా కనిపించే ఊపు ఆ మనిషికి లెక్కలోకి రాకపోవచ్చు. కొయ్యలా బిగుసుకుపోవడం కన్నా అదే నయమనిపించవచ్చు. తీర్పు అతనికే వదిలేశారు. అప్పట్లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఉన్న డాక్టరు రూపమ్ బోర్గోహైన్ మొదటి రచయితగా 2014లో వెలువడిన సఫినమైడ్ అనే పార్కిన్సన్స్ మందు పరీక్షలో దాని గుణం తేల్చింది కూడా డైరీల్లో నమోదైన ఇబ్బంది లేని 'ఆన్' గంటలే.

పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో షిఫ్టు చేసినవాళ్లకు ఇది కొత్త కాదు, లాగ్ షీటు లాంటిదే. రీడింగు ఏ వేళది ఆ వేళకే రాయాలి, రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని కాదు.

ఒక లోటుంది. ఆ అయిదు గళ్లలో మాత్ర వేళకూ తిండికీ చోటు లేదు. అవి అంచున రాసుకుంటే డాక్టరు చేతిలో కాగితం మాట్లాడుతుంది. మాత్రలోని అసలు మందు లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు గంటన్నర. ప్రతి మాత్రకు ముందూ 'ఆఫ్' టిక్కులు పడుతుంటే డాక్టరు వేళలు దగ్గరికి జరుపుతారు. పప్పన్నం, గుడ్డు తిన్నాక పడుతుంటే మాంసకృత్తులు మందుకు అడ్డొస్తున్నాయేమో చూసి, మాత్రను భోజనానికి అరగంటో గంటో ముందుకు తెస్తారు. మందు బాగా పట్టిన వేళ మెలికలు ఎక్కువైతే ఒక్కో మోతాదూ తగ్గించి, ఎక్కువసార్లు ఇస్తారు. కొత్త మందు రాయకుండానే రోజు కుదురుకోవడం చాలాసార్లు ఇలాగే. సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం: ఒళ్లు బిగిసి, తీవ్ర జ్వరం రావచ్చు.

అంచున రాయాల్సింది ఇంకొకటి, వాడుతుంటే దూలగొండి పొడి. మన అడవి తీగే. దాని గింజల్లో ఉన్నదీ లెవోడోపానే, 1937లో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపారు. కానీ చెంచాడు పొడిలో ఎంతుందో ఎవరు చెప్పగలరు? మాత్రలోనైతే 100 మిల్లీగ్రాములంటే 100. పైగా మందు మెదడుకు చేరేలోపు ఒంట్లోనే ఖర్చయిపోకుండా ఆపే కార్బిడోపా తోడుంటుంది. పొడి సంగతి దాస్తే డాక్టరు వేసే లెక్క తప్పుతుంది.