మగ్గం మీద సప్తర్షులు

బెంగళూరు కమర్షియల్ స్ట్రీట్ చుట్టుపక్కల సందుల్లో మగ్గం వర్క్ చేసేవాళ్ల చేతుల్ని చూస్తుంటే పని మరిచిపోతాం. పెళ్లికూతురి జాకెట్టు చేతుల మీద సప్తర్షి మండలం కావాలన్నారనుకోండి. ముందు ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడిని పైన గుడ్డతో రుద్దితే, చట్రానికి డప్పులా బిగించిన నీలం పట్టు మీద చుక్కలు దిగుతాయి. కుడిచేతి కొక్కెం సూది పైనుంచి గుచ్చుకుంటుంది. పట్టు కింద ఎడమచెయ్యి దారాన్ని దానికి తగిలిస్తుంది. ఆ చెయ్యి చేసేది కంటికి కనబడదు, అంతా వేళ్ల అంచనాయే! జర్దోసీ తీగచుట్టను కత్తెరతో ముక్కలు చేసి, పూసల్లా ఎక్కిస్తారు. వశిష్ఠుడికి పెద్ద కుందన్, పక్కనే అరుంధతికి ఒక్క చిన్న చమ్కీ. ఆకాశంలోనూ ఆవిడ మసకే కదా. కుట్టు గీత మీద మాత్రం పూస పడనివ్వరు, మిషన్ సూది విరుగుతుంది. చంక దగ్గర కూడా పని తగ్గిస్తారు, ఒరుసుకోకుండా. ఇన్ని గంటల పనిలో నాకు ఎక్కువ నచ్చేది ఈ జాగ్రత్తే. చివర్లో దారం సరిగ్గా ముడి పడకపోతే గొలుసుకుట్టు మొత్తం జర్రున ఊడిపోతుంది. అందుకే ముడి వేశాక ఓసారి లాగి చూస్తారు. పగటి ముహూర్తమైతే పురోహితుడు చూపించే అరుంధతి ఎవరికీ కనబడదు. ఈ పెళ్లికూతురు మాత్రం చెయ్యెత్తి చూపించొచ్చు.