కోడిమాంసము – కుళాయినీరు: ఒక హెచ్చరికపై విమర్శ

"పచ్చి కోడిమాంసమును కడుగరాదు" అను హెచ్చరిక కొంతకాలముగా మన పత్రికల ఆరోగ్యశీర్షికలలో తరచుగా కనబడుచున్నది. దానిని చదివిన ఇల్లాలు ఒకమారు నవ్వుకొని, మాంసపుగిన్నెను యథాప్రకారము కుళాయి క్రిందనే పెట్టుచున్నది. ఆమెకు శాస్త్రజ్ఞానము లేదని అనుట సులభము. కాని చెప్పిన మాట చెవికెక్కనప్పుడు, వినువారి చెవినే గాక చెప్పువారి మాటను కూడ పరీక్షింపవలెను గదా! ఉపాధ్యాయులకు ఈ పరీక్ష మరింత అవసరము. "మా అమ్మ కడుగుచున్నదే, తప్పా?" అని అడుగు విద్యార్థికి సమాధానము చెప్పవలసినవారు వారే.

ఈ హెచ్చరిక మన వంటయింట పుట్టినది కాదు. 2013లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమువారు, న్యూమెక్సికో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు కలిసి దీనిని ప్రచారము చేసిరి. 2014 జూన్ నెలలో బ్రిటన్‌లోని ఆహార ప్రమాణముల సంస్థ ఇదే పిలుపునిచ్చినది. ఆ సంస్థ భయము ముఖ్యముగా కాంపైలోబాక్టర్ అను బాక్టీరియాను గూర్చి. కోడి దేహపు వేడి మన దేహపు వేడికంటె ఎక్కువ, సుమారు 41, 42 డిగ్రీల సెంటిగ్రేడు. ఈ బాక్టీరియాకు సరిగా ఆ వేడియే అనుకూలము. కోడి ప్రేగులలో నివసించుచు, సాధారణముగా కోడికి ఏ కీడును చేయదు. కనుక చూపునకు దృఢముగా నున్న కోడి మాంసమునందైనను ఇది ఉండవచ్చును. మనుష్యుని కడుపులోనికి పోయినచో మాత్రము జ్వరము, కడుపునొప్పి, విరేచనములు కలిగించును. సాల్మొనెల్లా సంగతియు ఇంచుమించు ఇట్టిదే. నీటితో కడిగినంత మాత్రమున ఇవి వదలవు. మాంసపు లోపలి భాగము 74 డిగ్రీల వేడికి చేరినచో చచ్చును. కడుగునప్పుడు చిందిన తుంపరలు చుట్టుప్రక్కల పాత్రలపై పడును. ఇంతవరకు హెచ్చరికలో తప్పు పట్టుటకు ఏమియు లేదు.

తప్పు దాని తరువాత మొదలగుచున్నది. "కడుగవద్దు" అని చెప్పి ఊరకొన్నచో, కడుగనివారందరు క్షేమముగా ఉందురని వినువారు అనుకొందురు. అది నిజము కాదని చూపు లెక్క, ఈ హెచ్చరికను బలపరచుటకై తరచు ఉదహరింపబడు పరిశోధనలోనే ఉన్నది. 2019లో అమెరికా వ్యవసాయశాఖవారు ప్రకటించిన ఆ పరిశోధనలో సుమారు 300 మంది పాల్గొనిరి. వారు వండవలసిన కోడితొడలకు ముందుగా నిరపాయకరమైన ఒక ఇ. కోలై జాతిని పట్టించి, అది వంటయింట ఎక్కడెక్కడికి చేరినదో పరిశోధకులు వెదకిరి. మాంసమును కడిగినవారిలో నూటికి 60 మంది సింకులలో అది కనబడినది. సింకును శుభ్రము చేసిన పిమ్మట కూడ 14 మంది సింకులలో మిగిలియున్నది. 26 మంది విషయములో, పచ్చిగా తినుటకు సిద్ధపరచిన ఆకుకూరలోనికే చేరినది. ఈ మూడు సంఖ్యలను అందరును వ్రాయుదురు. నాలుగవ సంఖ్యను వ్రాయువారు తక్కువ. మాంసమును కడుగనివారిలో నూటికి 31 మంది ఆకుకూరలోనికి కూడ అదే బాక్టీరియా చేరినది!

దీనిని చూచి, కడుగుటయే మేలని వాదించువారు తొందరపడరాదు. 26కు, 31కి గల భేదము కడుగుటలోని గుణమును నిరూపింపదు. ముందుగా ఉపదేశము పొందినవారిలో 93 శాతము మంది కడుగుట మానిరి. పొందనివారిలో 61 శాతము మంది కడిగిరి. అనగా, ప్రచారము మాంసమును కుళాయినుండి తప్పించుటలో గొప్పగా నెగ్గినది. కాని మాంసమును కుళాయినుండి తప్పించినంత మాత్రమున ఆకుకూరకు రక్షణ కలుగలేదు. పచ్చిమాంసమును తాకి సబ్బుతో సరిగా కడుగుకొనని చేతులు, సింకు, పనిముట్లు – ఇవి దానికి వేరు త్రోవలు.

తుంపరల విషయమును గూర్చి 2022లో ద్రవభౌతికశాస్త్ర పత్రికలో వెలువడిన ఒక పరిశోధన తరగతి గదికి చక్కగా పనికివచ్చును. కుళాయి ఎంత ఎత్తున ఉన్నచో తుంపరలు అంత ఎక్కువగా లేచుచున్నవట. అంతేగాక, మాంసము మెత్తనిది కనుక ధార పడినచోట చిన్న గుంట ఏర్పడి, గట్టి వస్తువుపైకంటె నీరు ఎక్కువగా చిందుచున్నది. కోడి లేకయే దీనిని చూపవచ్చును. ముద్దగా తడిపిన గోధుమపిండిపై నాలుగు సిరాచుక్కలు వేసి, చుట్టు తెల్లకాగితములు పరచి, మొదట జానెడు ఎత్తునుండి, పిమ్మట మూరెడు ఎత్తునుండి ధారను విడువుడు. కాగితముపై మరకలను విద్యార్థులే లెక్కింతురు. "కడుగవద్దు" అను ఆజ్ఞకంటె ఈ మరకలు ఎక్కువ మాటలాడును.

ఇక మన సంగతి. కర్మాగారములో శుభ్రపరచి, చల్లపరచి, పొట్లము కట్టిన కోడిని ఇంటికి తెచ్చుకొనువారికి ఆ హెచ్చరిక సరిపోవును. అక్కడ కడిగి తీయవలసిన మురికి మిగిలియుండదు. మన ఊళ్ళలో చాలచోట్ల దుకాణములో కోడిని అప్పటికప్పుడు కోసి, తోలు తీసి, చెక్కమొద్దుపై ముక్కలు కొట్టి ఇచ్చెదరు. ఆ ముక్కలకు ఈకనూగు, రక్తపుగడ్డలు, ఎముకపొడి అంటియుండుట ఎవరికి తెలియదు? వీటిని తీయవద్దనునది శాస్త్రము కాదు, మొండితనము. అట్లని మన అలవాటు కూడ నిర్దోషము కాదు. పసుపు, ఉప్పు, నిమ్మరసము పట్టించి కడిగినచో నీచువాసన తగ్గునేమో గాని, ఆ కొద్ది నిమిషములలో క్రిములన్నియు చచ్చునని నమ్ముటకు ఆధారము లేదు.

మరియొక సంగతి. మన కోడికూర పొయ్యిమీద చాలసేపు తుకతుక ఉడుకును. అంతసేపు మరుగు పులుసులో ఈ బాక్టీరియా బ్రదుకదు. కనుక అపాయము కూరలో లేదు. కూర ప్రక్కన వడ్డించు ఉల్లిపాయముక్కలలో, నిమ్మచెక్కలో, పెరుగుపచ్చడిలో ఉన్నది. మాంసము తరిగిన కత్తిపీటమీదనే, నీటితో పైపైన తుడిచి, ఉల్లిపాయ తరుగుట మన ఇండ్లలో అరుదా? అమెరికావారి ఆకుకూరకు మన పంక్తిలో సరియైన జోడు ఈ ఉల్లిపాయయే. మన ఆరోగ్యశీర్షికలు ఆకుకూర ప్రసక్తిని అట్లే దింపుకొని, ఉల్లిపాయను మరచినవి.

ఇల్లాలితో ఈ విధముగా చెప్పిన వినును: పచ్చిగా తినవలసినవన్నియు ముందు తరిగి, మూతపెట్టి దూరముగా ఉంచుము. ఈకలను, గడ్డలను చేతితో ఏరివేయుము. అంతటితో మనసొప్పక కడిగియే తీరవలెనన్నచో, లోతైన గిన్నెలో ముందుగా నీరు పోసి, ముక్కలను మెల్లగా అందులో దింపి, కలిపి, వంచివేయుము. ధార క్రింద పట్టవద్దు. పిమ్మట గిన్నెను, కత్తిపీటను, చేతులను సబ్బుతో రుద్ది కడుగుము. ఆ వంచిన నీటిని మాత్రము అంట్లు తోము గట్టుమీద పోయరాదు. తిన్నగా కాలువలో పోసి, వెనుకనే మరి రెండు చెంబుల మంచినీరు పోయవలెను.