ముందు మీటరు, తర్వాతే టంకం

పల్నాట గిటారు యాంప్లిఫయర్ చూసినవాళ్ళు తక్కువ. మైకు సెట్టు తెలియని ఊరు మాత్రం లేదు. కోటప్పకొండ తిరునాళ్ళలో, కారెంపూడి వీరుల ఉత్సవాల్లో, తెల్లవార్లూ ఆడే పద్యనాటకాల్లో, పెళ్ళిపందిళ్ళలో ఒక తరం పాటు మోగినవి వాల్వు సెట్లే. కంపెనీ సెట్టు కొనే స్తోమతు లేనివాళ్ళకు రేడియో మెకానిక్కులు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, రేకు ఛాసిస్‌కు రంధ్రాలు కొట్టి, చేత్తోనే కట్టి ఇచ్చేవారు. గిటారు యాంప్లిఫయర్‌కూ దీనికీ లోపల పెద్ద తేడా లేదు. మైకు నుంచో గిటారు నుంచో వచ్చిన సన్నటి సంకేతాన్ని ఈసీసీ 83 లాంటి వాల్వు పెంచుతుంది. ఆ వెనక వాల్వు దాన్ని రెండు ఎదురెదురు ఫేజులుగా విడదీస్తుంది. చివర ఒక జత ఈఎల్ 84లో, ఈఎల్ 34లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను నడుపుతాయి. అమెరికాలో లియో ఫెండర్ 1938లో తెరిచింది రేడియో రిపేరు షాపు. ఆయన గిటారు యాంప్లిఫయర్లు ఆ పనిలోంచే వచ్చాయి. లండన్‌లో జిమ్ మార్షల్ బృందం 1960ల మొదట్లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌నే దగ్గర పెట్టుకుని తమ తొలి యాంప్లిఫయర్ కట్టింది. అంతకుముందే ముల్లార్డ్ కంపెనీ ఐదు వాల్వులతో పది వాట్లు ఇచ్చే సర్క్యూట్‌ను ఇంట్లో కట్టుకునేవాళ్ళ కోసం అచ్చువేసింది. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఈ ఈఎల్ 84లను, ఈసీసీ 83లను స్వయంగా తయారుచేసింది. కాబట్టి నరసరావుపేటలో మైకు సెట్టు బాగుచేసిన చేతికి లండన్ గిటారు యాంప్లిఫయర్ పరాయిదేం కాదు.

ఆ సెట్లు అటకెక్కాయి. వాటిని బాగుచేసిన పద్ధతి కూడా అటకెక్కడమే అసలు నష్టం. వాల్వు సర్క్యూట్‌లో ప్రతి భాగం కంటికి కనబడుతుంది, ప్రతి చోటా మీటరు ముల్లు ఆనించవచ్చు, అక్కడ ఎన్ని వోల్టులుండాలో ముందే లెక్కగట్టవచ్చు. జబ్బు ఎక్కడుందో ఊహించాలి, ఆ ఊహ నిజమైతే ఏ అంకె రావాలో ముందే చెప్పాలి, మీటరు పెట్టి చూడాలి. ఇంత తేటగా తర్కం నేర్పే బల్ల మరొకటి దొరకడం కష్టం.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఇంట్లో కట్టిన సెట్టులో రెండు ఈఎల్ 84లు ఉన్నాయి. ఒకదాని ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడుతోంది. తొందరపాటు మెకానిక్ వాల్వు మారుస్తాడు. కొత్తదీ నాలుగు రోజుల్లో పోతుంది. నిదానస్తుడు ముందు క్యాథోడ్ దగ్గర చూస్తాడు. ఒక్కో వాల్వుకు 270 ఓముల రెసిస్టెన్స్ ఉంటే దాని మీద 10 వోల్టుల దాకా కనబడాలి, అంటే 37 మిల్లీఆంపియర్లు. ప్లేటు 300 వోల్టుల దగ్గరుంటే వాల్వు మోసే వేడి సుమారు 11 వాట్లు. ఈఎల్ 84 ప్లేటు హద్దు 12. ఇప్పుడు మీటరు 16 వోల్టులు చూపిస్తోందనుకోండి. దాదాపు 60 మిల్లీఆంపియర్లు, 17 వాట్లు. ఎర్రబడక ఏం చేస్తుంది? ఎందుకు ఎక్కువ లాగుతోందన్నది తర్వాతి ప్రశ్న. గ్రిడ్డు దగ్గర సున్నా ఉండాల్సిన చోట ఏడెనిమిది వోల్టులు పాజిటివ్ ఉంది. అది రావడానికి ముఖ్యంగా రెండు దారులు: ముందు దశ నుంచి వచ్చే కప్లింగ్ కండెన్సర్ లీకవుతూ ఉండాలి, లేదా వాల్వులో గాలి చేరి గ్రిడ్డే కరెంటు పుట్టిస్తూ ఉండాలి. సెట్టు ఆపి, ఆ వాల్వు పీకి, మళ్ళీ ఆన్ చేసి, ఖాళీ సాకెట్‌లో గ్రిడ్డు పిన్ను దగ్గర కొలిస్తే తేలిపోతుంది. వోల్టేజీ అలాగే ఉంటే దోషి కండెన్సర్, పోతే వాల్వు. అప్పటిదాకా సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాల్సిన పనే లేదు.

చెవి కూడా మీటరే. సెట్టు గుయ్యిమంటోందంటే ఆ గుయ్యి ఏ స్థాయిలో ఉందో వినాలి. మన కరెంటు 50 హెర్ట్‌జ్. రెండు వైపులా రెక్టిఫై అయిన హెచ్‌టీ లైనులోని (ప్లేట్లకు హై వోల్టేజీ ఇచ్చే లైనులోని) మిగులు అల 100 హెర్ట్‌జ్, అంటే దానికి సరిగ్గా పై స్థాయి. హార్మోనియం శ్రుతి పట్టగలిగినవాడు ఈ రెండిటినీ ఇట్టే వేరు చేస్తాడు. పై స్థాయి గుయ్యి అయితే ముందు ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందేమో చూడాలి. కింది స్థాయిదైతే హీటరు తీగల దారీ, ఎర్తు కలిపిన చోటూ వెతకాలి. తర్వాత మొదటి వాల్వు పీకి వినాలి. గుయ్యి ఆగితే తప్పు ముందరి దశలో, ఆగకపోతే దాని తర్వాత. అవుట్‌పుట్ జతలో ఒక వాల్వు నీరసించినా 100 హెర్ట్‌జ్ గుయ్యి పెరుగుతుందని మాత్రం మరిచిపోకూడదు. జత సమానంగా లాగినప్పుడు ఆ అల ట్రాన్స్‌ఫార్మర్‌లో తనను తానే రద్దు చేసుకుంటుంది, సమానం తప్పితే బయటపడుతుంది. కండెన్సర్ మీద నింద వేసేముందు రెండు క్యాథోడ్లూ కొలవమనేది అందుకే.

చేత్తో కట్టిన సెట్లకు ప్రత్యేకమైన రోగం ఇంకొకటి. కాలిపోయిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరగచుట్టించి బిగించగానే సెట్టు కీచుమని అరుస్తుంది. భాగాలన్నీ మంచివే. ప్లేటు తీగలు రెండూ తారుమారు కావడంతో సెకండరీ నుంచి వెనక్కి తెచ్చిన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ అయింది. ఆ రెండు తీగలు మార్చి కలిపితే చాలు. కారణం తెలియనివాడు ఇదే సెట్టు మీద వారం రోజులు కండెన్సర్లు మారుస్తాడు.

ఇక పల్నాటి నేల పెట్టే పరీక్షలు వేరు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. వాల్వుల పక్కన, మూసిన పెట్టెలో, ఆ ఎండల్లో అది ఎంత తొందరగా ఎండుతుందో చెప్పక్కర్లేదు. పిడుగురాళ్ళ వైపు సున్నం బట్టీల దుమ్ము వాల్వు సాకెట్లలో చేరి వానాకాలం చెమ్మ పట్టిందంటే, మెగా ఓముల్లో ఉండే గ్రిడ్డు సర్క్యూట్‌కు పక్కదారి దొరుకుతుంది; సెట్టు చిటపటలాడుతుంది. దీనికి మందు స్పిరిట్టూ బ్రష్షూ. అన్నిటికంటే మోసం చేసేది లో వోల్టేజీ. బోరు మోటార్లు ఆడే వేళ ఇంట్లో కరెంటు 180కి దిగితే 6.3 ఉండాల్సిన హీటరు 4.9కి పడిపోతుంది, పాట నీరసంగా వస్తుంది. వాల్వులు ముసలివయ్యాయని తీర్పు చెప్పేస్తారు, మోటార్లు ఆగాక చూస్తే అవే వాల్వులు భేషుగ్గా పాడతాయి. హీటరు వోల్టేజీ కొలవకుండా వాల్వు మీద తీర్పు చెప్పకూడదన్నది ఈ ప్రాంతానికి మరీ ముఖ్యం.

ఈ సెట్లనూ వాటి పద్ధతినీ కాపాడుకోవాలనడానికి అభ్యంతరాలు ఉన్నాయి, గట్టివే. ముప్పై వాట్ల మోత కోసం వంద వాట్లకు పైగా కరెంటు తాగి, ఇద్దరు మోస్తే గాని కదలని పెట్టె ఇప్పుడెందుకు అంటారు. తిరునాళ్ళకు వద్దు; ఆ పనికి నేటి డిజిటల్ యాంప్లిఫయరే సరి. వాల్వు మోతలో తీపి ఉంటుంది గనక కాపాడుకోవాలనే వాదన మీద కూడా నేను ఆధారపడను. గిటారు వాయించేవాడికి వాల్వు విరుపు రాగంలో భాగం. పద్యం వినేవాడికి అక్షరం స్పష్టంగా వినబడాలి, విరుపు అతనికి చేటే. వాల్వులు దొరకవన్నది మరో మాట. దొరుకుతున్నాయి. స్లొవేకియా, రష్యా, చైనా కర్మాగారాలు ఇప్పటికీ చేస్తున్నాయి, ప్రధానంగా ప్రపంచంలోని గిటారు వాయిద్యకారుల పుణ్యమా అని. అయితే ధర ఎక్కువ, 2022లో రష్యా ఎగుమతులు ఆగినప్పుడు ఆ సరఫరా ఎంత సన్ననిదో బయటపడింది. అందుకే వాల్వును అనవసరంగా కాల్చుకోని పద్ధతి మరింత అవసరం.

నేటి సెట్టులో బోర్డు పీకి బోర్డు వేస్తే అరగంటలో పని అయిపోతుంది గదా అన్నదే అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నిజమే, గిరాకీదారుకు అదే చవక. కాని బోర్డు ఎందుకు పోయిందో ఆ అరగంటలో తెలియదు, స్పీకర్ లైనులో షార్టు ఉంటే కొత్త బోర్డూ అదే దారి పడుతుంది. వాల్వు సెట్టు మీద చెయ్యి తిరిగినవాడు లోడు సంగతి ముందు చూస్తాడు. హారన్ డ్రైవర్ యూనిట్ కాయిల్ తెగిందో, చెట్టు మీద తీగ ఊడిందో చూసుకోకుండా వాల్యూమ్ పెంచితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలే చిటుక్కుమంటుందని అతనికి తెలుసు. ట్రాన్సిస్టర్ సెట్టుకు భయం దీనికి తలకిందులు: తీగ తెగితే ఏమీ కాదు, తీగలు కలిస్తే కాలిపోతుంది. ఈ తేడా ఎందుకో వివరించగలిగినవాడు ఏ తరం సెట్టునైనా తెరవగలడు.

పాత మెకానిక్కులందరూ ఇలాగే చేశారని అనడం అబద్ధం. దొరికిన కండెన్సరల్లా మార్చి, మోగగానే బిల్లు వేసినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ప్రమాదం సంగతీ దాచకూడదు. సెట్టు ఆపిన తర్వాత కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. రెసిస్టెన్స్ పెట్టి దించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. లైవ్‌లో కొలిచేటప్పుడు రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఈ ప్రమాదం ఉంది గనకే దీన్ని చూసి నేర్చుకోమని వదిలేయకుండా ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో గురువు పక్కన నిలబెట్టి నేర్పాలంటాను. ఒక్కో తరగతికి ఒక్క పాత సెట్టు చాలు, అలాంటివి ఊళ్ళలో ఇంకా మూలన పడి ఉన్నాయి.

వాటిని లేపేవాళ్ళు నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. రెక్టిఫయర్ వాల్వు తప్ప మిగతావి పీకి, 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బుతో సిరీస్ ల్యాంపు కట్టి ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ముందుకు పోవచ్చు, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. ఏళ్ళ తరబడి ఆగిన ఫిల్టర్ కండెన్సర్లు, మైనపు కాగితం కప్లింగ్ కండెన్సర్లు మోగుతున్నా సరే మార్చేయాలి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ప్రాణంలా చూసుకోవాలి, అలాంటిది చుట్టేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే. అన్నీ కుదిరాక ప్రతి పిన్ను దగ్గర వచ్చిన వోల్టేజీలను, ఆ వేళ గోడ ప్లగ్గులో ఉన్న వోల్టేజీతో సహా, కాగితం మీద రాసి మూత లోపలివైపు అంటించాలి. తర్వాత ఆ సెట్టు తెరిచేవాడికి సర్క్యూట్ బొమ్మ దొరకకపోయినా ఆ అంకెలతో పని మొదలుపెట్టవచ్చు.